మన సంతకం ఎక్కడ చెల్లుతుంది?

కౌన్సెలింగ్, సైకాలజీ చదువులు ముగించిన యువతీ యువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం

బెంగళూరు నుంచి, వేలూరు నుంచి, బరంపురం, రాయగడల నుంచి రాత్రి రైలెక్కి వచ్చినవాళ్లున్నారు. షోలాపూర్ నుంచి ముగ్గురు, యానాం నుంచి ఇద్దరు వచ్చారు. ఇంత దూరం వచ్చింది మా నోట మంచి మాటలు వినడానికే అయితే కొంచెం నిరాశ పడతారు. ముందే చెప్పేస్తున్నాం.

ఈమధ్య కాన్వొకేషన్ అయిన ఒక చెల్లెలు నల్ల గౌను వేసుకున్న ఫోటో మాకు పంపింది. వాళ్ల అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఫోటో కింద ఆ అమ్మాయి ఒక ప్రశ్న రాసింది: "అక్కా, ఇక లైసెన్సుకు ఎక్కడ అప్లై చెయ్యాలి?"

ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి మాకు రెండు రోజులు పట్టింది. తెలియక కాదు, ఆ ఫోటో కింద ఆ జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. డాక్టరుకూ నర్సుకూ లాయరుకూ ఉన్నట్టు, "ఇది చేతిలో ఉంటేనే పని చెయ్యాలి" అనే లైసెన్సు మన దేశంలో కౌన్సెలర్‌కు ఇంతవరకు లేదు. దాన్ని తెచ్చే చట్టం వచ్చింది. ఏర్పాటు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఈ మధ్యకాలంలోనే మీరు డిగ్రీ పుచ్చుకుని బయటికొచ్చారు.

లైసెన్సు లేకపోతే మంచిదే కదా, ఎవరినీ అడగక్కర్లేదు, బోర్డు పెట్టుకోవచ్చు అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. వాళ్ల కోసం ఒక సంగతి చెప్తాం. ఇది మాలో ఒకరికి జరిగింది. ఆమె ఇక్కడే కూర్చుని ఉంది, చెప్పమని తనే అంది.

ఎం.ఏ. సైకాలజీ అయిన మొదటి సంవత్సరం. మన బస్తీలోనే ఒక తల్లి తన కొడుకును తీసుకుని వచ్చింది. పదో తరగతి. తెలివైన పిల్లవాడు, నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. రాయమంటే అక్షరాలు తారుమారు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కావాలంటే సర్టిఫికెట్టు తెమ్మని బడిలో చెప్పారు. మా అక్క మూడు రోజులు కూర్చుని పరీక్షలన్నీ చేసింది, ఆరు పేజీల రిపోర్టు రాసింది, కింద పేరూ డిగ్రీ రాసి సంతకం పెట్టింది. డబ్బు తీసుకోలేదు. ఆ తల్లి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తీసుకెళ్లింది. పరీక్షలు నెల రోజులున్నాయనగా కాగితం తిరిగొచ్చింది. రిపోర్టులో తప్పులున్నాయని ఎవరూ అనలేదు. "రిజిస్ట్రేషన్ నంబరు ఏది?" అని అడిగారంతే. మళ్లీ పెద్దాసుపత్రికి వెళ్లి వరుసలో నిలబడే సమయం లేకపోయింది. ఆ పిల్లవాడు మామూలుగానే పరీక్ష రాశాడు, రెండు సబ్జెక్టులు పోయాయి.

మా అక్క చేసిన పని చెడ్డదని ఎవరూ అనరు. కానీ ఆ సంతకం చెల్లదని ఆమెకు తెలియదు. ఐదేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. నష్టపోయింది ఆమె కాదు, ఆ పిల్లవాడు. లైసెన్సు లేని చోట స్వేచ్ఛ ఉంటుందని అనుకునేవాళ్లు ఆ పిల్లవాడిని తలచుకోవాలి. డబ్బున్న ఇంటి పిల్లవాడైతే మర్నాడే ఇంకో చోట ఇంకో సర్టిఫికెట్టు తెచ్చుకునేవాడు.

సరే, చట్టం ఏం చెప్తుందో చూద్దాం. కొంచెం ఓపిక పట్టండి, ఇది విసుగు భాగం.

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అని ఒక సంస్థ ఉంది. అందరూ ఆర్‌సీఐ అంటారు. దాని చట్టం 1992 నాటిది. వికలాంగులతో పనిచేసే కొన్ని వృత్తులను అది పేరుపెట్టి చెప్పింది. క్లినికల్ సైకాలజిస్టు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక అవసరాల పిల్లల టీచరు, ఇలా. వీళ్లు ఆర్‌సీఐ ఆమోదించిన కోర్సు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. ఆ నంబరు లేకుండా ఆ వృత్తి చేసినా, ఆ వృత్తివాళ్లు ఇవ్వాల్సిన సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టినా నేరం. ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలా అని నవ్వకండి, జైలు మాట కూడా అందులోనే ఉంది.

తర్వాత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టును, మానసిక ఆరోగ్య నర్సును, సైకియాట్రిక్ సోషల్ వర్కరును అది గుర్తించింది. ఈ ముగ్గురూ రాష్ట్ర ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలని చెప్పింది. ఆ జాబితాలో కౌన్సెలర్ అనే మాట లేదు. వెతికి చూశాం, లేదు. అంటే ఎం.ఎస్సీ. కౌన్సెలింగ్ సైకాలజీ చదివినవాళ్లు మాట్లాడి సాయం చెయ్యవచ్చు. కానీ రోగానికి పేరుపెట్టి సర్టిఫికెట్టు ఇవ్వకూడదు. వైకల్య ధ్రువీకరణ కోసం ఐక్యూ రిపోర్టు ఇవ్వకూడదు. క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు రాసుకోకూడదు. మందులు మొదలుపెట్టమనీ ఆపమనీ చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదు. ఈ చివరి మాట మన సంఘాల్లో ప్రార్థన చేసి "ఇక మాత్రలు వద్దమ్మా" అనే పెద్దలు కూడా వింటే బాగుంటుంది.

మూడోది 2021 మార్చిలో వచ్చిన చట్టం. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. పేరు పొడుగే, కానీ మీ భవిష్యత్తు ఇందులోనే ఉంది కాబట్టి రాసుకోండి. దీని షెడ్యూలులో మొదటిసారి మన పేరు వచ్చింది. సైకాలజిస్టు, బిహేవియరల్ ఎనలిస్టు, మెడికల్ సోషల్ వర్కర్, హెచ్‌ఐవీ కౌన్సెలర్, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్, అందరూ ఉన్నారు. ఆర్‌సీఐ కిందికి వచ్చే క్లినికల్ సైకాలజిస్టులను మాత్రం పక్కన పెట్టారు. ప్రతి రాష్ట్రంలో ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు ఉండాలని ఈ చట్టం చెప్తోంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో వేగంతో నడుస్తోంది. మీరు కర్ణాటకలో ఉంటే కర్ణాటక కౌన్సిల్, ఒడిశాలో ఉంటే ఒడిశా కౌన్సిల్. హైదరాబాదులో ఏం జరుగుతోందని బంధువులను అడిగి లాభం లేదు.

ఈ చట్టంలో ఒక కొలత ఉంది, అది చాలామందికి దెబ్బ. అలైడ్ వృత్తివాడిగా లెక్కలోకి రావాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ కావాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలి. ఇప్పుడు మీ వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు తీసి చూడండి. మూడు నెలల్లో సర్టిఫైడ్ కౌన్సెలర్. వారాంతపు తరగతులు. ఫోటోతో ఐడీ కార్డు, అంతర్జాతీయ గుర్తింపు. ఆ గంటలతో ఈ గంటలు కలిపి చూడండి.

ఇంకొక మార్పు. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. ఇది మనవాళ్లకు గట్టిగా తగిలింది. పగలు పౌరకార్మికురాలిగా పనిచేసి రాత్రి ఎం.ఏ. చదివిన అక్క మనకు తెలుసు. బీడీలు చుడుతూ పుస్తకం పక్కన పెట్టుకున్న చెల్లెళ్లు తెలుసు. రెగ్యులర్ కాలేజీకి వెళ్లే స్తోమత ఉంటే వాళ్లు దూరవిద్యకు ఎందుకు వెళ్తారు? ఎదుటి మనిషిని చూడకుండా, ఆసుపత్రి వార్డులో నిలబడకుండా ఈ విద్య రాదన్న మాట నిజమే, మేమూ ఒప్పుకుంటాం. కానీ తలుపు మూసినవాళ్లు పక్కన ఇంకో తలుపు తెరవలేదు. ఫీజు రాయితీ, సాయంత్రం కాలేజీ, స్టైపెండు, ఏదో ఒకటి ఉండాల్సింది. ఈ విషయం మీద మన సంఘం తరఫున గట్టిగా అడగాల్సిన బాధ్యత ఉంది, ఇప్పటిదాకా అడగలేదు. అంతకు ముందే దూరవిద్యలో చేరినవాళ్లు తమ డిగ్రీ స్థితి గురించి విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకుని దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు ఇంటర్వ్యూలో పనికిరాదు.

క్లినికల్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇన్నాళ్లూ ఆ దారి రెండేళ్ల ఎం.ఫిల్. దేశమంతటా ఎం.ఫిల్. ఎత్తేస్తున్నారు కాబట్టి ఆ స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్, ధార్వాడ డిమ్హాన్స్, చెన్నై దగ్గర ముత్తుకాడులోని జాతీయ సంస్థ, సికిందరాబాదులోని జాతీయ మేధో వైకల్య సంస్థ, ఇవన్నీ ఆర్‌సీఐ ఆమోదంతో కోర్సులు నడిపిన చోట్లు. సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది. ఏ కాలేజీ చెప్పినా నమ్మకండి. ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు ఆమోదం ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో మీ కళ్లతో చూసి ఫీజు కట్టండి. అంత పెద్ద చదువు కుదరకపోతే రిహాబిలిటేషన్ సైకాలజీలో ఆర్‌సీఐ ఆమోదించిన పీజీ డిప్లొమా ఉంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బి.ఎడ్. ఉంది. వీటికీ రిజిస్టరు నంబరు వస్తుంది. ఆ పిల్లవాడి తల్లి లాంటివాళ్లు వచ్చినప్పుడు "ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసమ్మా" అని చెప్పగలగడం కూడా చిన్న సంగతి కాదు.

సీటుకు దరఖాస్తు పెట్టేటప్పుడు కేటగిరీ దగ్గర చాలామంది ఆగిపోతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. మనకు ఏ వెనుకబడిన తరగతి వర్తిస్తుందో రాష్ట్రానికో రకంగా ఉంది, కేంద్ర జాబితా వేరు. తాతగారి ఊరు గుంటూరు జిల్లా అని అక్కడి సర్టిఫికెట్టు తెచ్చి బెంగళూరు కాలేజీలో పెడితే పనిచెయ్యదు. ఆఖరి తేదీనాడు కాదు, ఆరు నెలల ముందే తాలూకా ఆఫీసుకు వెళ్లండి. ఇది న్యాయమా అని అడగకండి, న్యాయం కాదు. దాని మీద మన పోరాటం వేరేగా నడుస్తోంది. అది తేలేదాకా మీ దరఖాస్తు ఆగకూడదు.

ఇప్పుడు ఉద్యోగాలు. మీరంతా ఇందుకే వచ్చారని మాకు తెలుసు.

2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. కోచింగ్ సెంటర్లకు కూడా ఇది వర్తిస్తుంది. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో 2022 ఒక్క సంవత్సరంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఈ ఉద్యోగాలు అలాంటి చావుల మీదుగా వచ్చాయి. అది మరిచిపోయి ఆ కుర్చీలో కూర్చోలేం.

ఈ తీర్పు పట్టుకుని మీ ఊళ్లో బళ్ల తలుపు తట్టండి. మన సొంత మిషన్ బళ్ల దగ్గరే మొదలుపెట్టండి. కొన్ని బళ్లలో ఏం చేస్తున్నారో తెలుసు. మోరల్ సైన్స్ టీచరుకే కౌన్సెలర్ అని ఇంకో బోర్డు తగిలించారు. అడిగితే "మన ఇంటి పని కదమ్మా, సేవగా చెయ్యి" అంటారు. సేవగా చేసేది సేవగా చేద్దాం. కానీ వారానికి 30 గంటలు పిల్లల ఏడుపు వినే మనిషికి జీతం ఇవ్వకపోతే, ఆ మనిషి రెండో సంవత్సరంలో బ్యాంకు కోచింగ్‌కు వెళ్తుంది. అప్పుడు ఆ పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ప్రభుత్వం వైపు ఉన్నవి ఇవి. జిల్లా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్లు. కౌమార ఆరోగ్య క్లినిక్కుల్లో కౌన్సెలర్లు, ఆ పథకం 2014 నుంచి నడుస్తోంది. మహిళల కోసం సఖి వన్ స్టాప్ సెంటర్లు 2015 నుంచి ఉన్నాయి. జిల్లా బాలల సంరక్షణ విభాగాలు. 1984 చట్టం ప్రకారం ఫ్యామిలీ కోర్టులకు కౌన్సెలర్లు ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడుతుంది. వీటిలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. జీతం ఆలస్యమవుతుంది, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూపు. మాలో ఒకరి మొదటి జీతం 12,000 రూపాయలు, అదీ నాలుగు నెలలకు కలిపి ఒకేసారి పడింది. ఆ నాలుగు నెలలు వాళ్ల నాన్న ఆటో నడిపి ఇల్లు గడిపాడు. ఇంట్లో ముందే మాట్లాడుకుని చేరండి.

ఇక్కడ మనకు ఒక బలం ఉంది, దాని విలువ మనకే తెలియదు. షోలాపూర్‌లో పుట్టిన అవ్వ బజారులో మరాఠీ గడగడా మాట్లాడుతుంది. కానీ కొడుకు పోయిన సంగతి చెప్పాలంటే తెలుగే వస్తుంది. "గుండెలో మంటమ్మా, నరాల్లో సత్తువ లేదు" అంటుంది. ఆసుపత్రిలో అది మరాఠీలోకి మారేసరికి "ఒళ్లు నొప్పులు" అవుతుంది, చేతిలో నొప్పి మాత్రలు పడతాయి. బరంపురంలో ఒడియాతో, బెంగళూరులో కన్నడతో ఇదే కథ. ఆ అవ్వ మాట విని, దాన్ని ఆ రాష్ట్రం భాషలో డాక్టరుకు సరిగా చెప్పగల మనిషి ఎంతమంది ఉన్నారు? మీరున్నారు.

కానీ మీలో సగం మందికి ఒక లోటుంది. తెలుగు మాట్లాడతారు, కన్నడమో తమిళమో మాట్లాడతారు, రెండూ రాయలేరు. అంతా ఇంగ్లీషు మీడియం. బాలల సంక్షేమ కమిటీకి ఇచ్చే రిపోర్టు, పోలీసు స్టేషన్ కాగితం, కోర్టు నోటు, చాలా చోట్ల రాష్ట్రభాషలో ఉంటాయి. ప్రభుత్వ పోస్టులకు స్థానిక భాష చదవడం రాయడం అడుగుతారు. రోజుకు అరగంట ఆ లిపి నేర్చుకోండి. అమెరికా కోర్సుల వీడియోలు చూసే సమయంలో సగం చాలు. అక్కడ లైసెన్సు ఒక్కో రాష్ట్రానిది, మాస్టర్స్ తర్వాత పర్యవేక్షణలో వేల గంటలు పనిచేస్తే గానీ రాదు. ఆ వీడియోల్లో "లైసెన్స్‌డ్" అనే మాట మన కార్డు మీద రాసుకోవడానికి కాదు.

లైసెన్సు లేదు కాబట్టి చట్టం మనల్ని పట్టించుకోదనే భ్రమ ఒకటుంది. పోక్సో చట్టం అందరికీ వర్తిస్తుంది. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. చేసినవాడు సంఘ పెద్ద అయినా, బడి యజమాని అయినా అంతే. కౌన్సెలింగ్ గది రహస్యం దీన్ని ఆపదు. "సంఘం పరువు, ఇక్కడే సర్దుకుందాం" అని మీ మీద ఒత్తిడి తెస్తారు. ఆ రోజు ఒంటరిగా ఉండకండి, మాకు ఫోన్ చెయ్యండి, స్టేషనుకు మీతో వస్తాం.

పాస్టోరల్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్లున్న సహోదరులు కొందరు మా మాటలకు కొంచెం ఇబ్బంది పడుతున్నట్టున్నారు. మీ పని తక్కువదని మేము అనడం లేదు. మరణం జరిగిన ఇంట్లో మొదట అడుగుపెట్టేది మీరే. వేలూరు క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ లాంటి చోట దశాబ్దాలుగా ఎందరో కాపరులు వినడం నేర్చుకున్నారు. కార్డు మీద "పాస్టోరల్ కౌన్సెలర్" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. "సైకాలజిస్టు" అని రాయకండి, అంతే మా మనవి.

ఆ నల్ల గౌను చెల్లెలికి చివరికి ఏం రాశామో చెప్పి ముగిస్తాం. "లైసెన్సు ఇంకా లేదమ్మా. నీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టరు తెరిచిన రోజు ఏమేం అడుగుతారో ఊహించి ఇప్పటినుంచే పోగుచెయ్యి. మార్కుల జాబితాలు, ప్రాక్టికల్ గంటల లెక్క, సూపర్‌వైజరు సంతకం, ఎన్ని కేసులు చూశావో తేదీలతో ఒక నోటుబుక్కు. అందులో పేర్లు రాయొద్దు." ఆమె ఇంటర్న్‌షిప్ చేసిన చోట గంటల సర్టిఫికెట్టు అడిగితే, ఇచ్చే అలవాటు లేదన్నారట. మూడుసార్లు వెళ్లి తెచ్చుకుంది. ఇవాళ ఇక్కడికి వచ్చింది, కిటికీ పక్కన కూర్చుంది.

టీ వచ్చింది. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు వెనుక బల్లల దగ్గరికి రండి, ఒక్కొక్కరివి చూస్తాం. ఒడిశా నుంచి వచ్చినవాళ్లవి ముందు చూద్దాం, వాళ్లకు సాయంత్రం రైలుంది.